గురువారం నూనె

దారికా ఎంగిలి చేత్తో కాకిని తోలదని మా హాస్టల్లో అందరూ అనేవారు. ఇప్పుడు కొండల నడుమ పట్నం నారిన్‌లో ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఆమే క్యాషియరు. అక్కడా అదే పేరు తెచ్చుకుంది. మీటింగుల్లో బిస్కెట్లు మాన్పించింది. చలికాలంలో ఆఫీసు హీటరు ఎప్పుడు వెయ్యాలో తనే చెబుతుంది, అదీ తను కోటు విప్పకుండా. పోయిన నెల ఆ సంఘంలో ఒక పెద్దావిడ నాతో అంది: "నీ ఫ్రెండు పెట్టెలోంచి డబ్బు తీసే కన్నా తోడేలు నోట్లోంచి గొర్రెపిల్లని లాక్కోవడం తేలికమ్మా." నేను నవ్వి ఊరుకున్నాను. దారికా లెక్క చూడకుండా, ధర అడగకుండా పెట్టే ఖర్చు ఒకటుంది. చెప్పినా ఆ పెద్దావిడ నమ్మదు.

అదెలా మొదలైందో తెలియాలంటే మా రాజధాని బిష్కెక్‌లో మేం చదువుకున్న రోజులకు పోవాలి. అప్పటి ఫోన్లకు బటన్లుండేవి. అవతలి మనిషి ముఖం కనపడదు, గొంతు ఒక్కటే వినపడేది. ఈ కథకు ఆ సంగతి చాలా ముఖ్యం.

మా గదిలో ముగ్గురం. సాల్కిన్ మాకన్నా రెండేళ్లు పెద్దది, దారికా వాళ్ల ఊరిదే. కొండ కనుమ దాటాక మంచు తప్ప ఇంకేమీ లేని ఊరు అది. మూడోదాన్ని నేను, చినారాని, సరస్సు ఒడ్డు పిల్లని, చేతిలో డబ్బు నిలవని రకాన్ని. స్కాలర్‌షిప్ పడిన రోజు మా అంతస్తు పెళ్లివారిల్లులా ఉండేది. ఒకతి లిప్‌స్టిక్ కొనేది, ఒకతి ప్రియుడితో కేఫ్‌కి పోయి ఒకే జ్యూసు ఇద్దరూ తాగి వచ్చేది, నాలాంటివాళ్లు రోడ్డు మలుపులో వేడి వేడి మాంసం సంసాలు నాలుగేసి లాగించి ఫోన్‌లో బ్యాలెన్సు వేయించుకునేవాళ్లు. వారం తిరిగేసరికి కారిడార్‌లో అందరిదీ ఒకే పలకరింపు. "ఏమే, రొట్టె ముక్కేమైనా ఉందా?"

మా గదిలో రొట్టె ఎప్పుడూ ఉండేది. దానికి కారణం దారికా. నెల మొదట్లోనే మా ముగ్గురి చేతుల్లోంచీ డబ్బు లాక్కుని ఒక పాత హల్వా డబ్బాలో వేసి మూత పెట్టేది. ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే చాలు, నిద్రలో ఉన్నా లేచి కూర్చునేది. ఒకసారి మరిగిన టీ ఆకుని కిటికీలో ఆరబెట్టి మళ్లీ మరిగించేది. గట్టిపడిన రొట్టె అంచుల్ని రేడియేటర్ మీద ఎండబెట్టి సూపులో వేసేది. నాలుగు స్టాపుల లోపు దూరమైతే వ్యాను ఎక్కనిచ్చేది కాదు. ఎవరైనా అప్పుకొస్తే ఒకటే జవాబు: "డబ్బు లేదు, టీ ఉంది. కూర్చో." ఆ టీ రంగు చూసి చాలామంది కూర్చోకుండానే వెళ్లిపోయేవారు. అంతస్తులో ఆమెకు ఆర్థిక మంత్రి అని పేరు పెట్టారు.

"నువ్వు పెళ్లి చేసుకుంటే నీ మొగుడు మొదటి నెలలోనే పారిపోతాడే," అనేదాన్ని నేను.

"పోతే పోనీ. ఒక నోరు తగ్గుద్ది," అనేది, ఉల్లిపాయ పొట్టు కూడా పారెయ్యకుండా పక్కన పెట్టుకుంటూ.

అంత పిసినారిదీ గురువారం సాయంత్రం మాత్రం ఇంకో మనిషైపోయేది. స్నానం చేసి, తలకు గుడ్డ కట్టుకుని, పిండి కలిపి ముక్కలు కోసి, మూకుడు నిండా నూనె పోసి బోర్సోకులు వేయించేది. ఏడే వేయించేది, కానీ నూనె మాత్రం డెబ్బైకి సరిపోయేంత పోసేది. అంతస్తంతా ఆ వాసనే. చనిపోయినవాళ్లు గురువారం తమ ఇళ్లకు వస్తారు. వాళ్లకు నోరుండదు, నూనె వాసనే తిండి. వాసన లేని ఇంటి ముందు కాసేపు నిలబడి, తలదించుకుని వెళ్లిపోతారు. బోర్సోకులు పళ్లెంలో పెట్టి, రెండు అరచేతులూ పైకెత్తి, ఎవరికోసమో వాళ్ల పేరు పలకాలి. పేరు పలక్కపోతే ఆ వాసన ఎవరికీ చేరదు, తప్పు పేరు పలికితే తప్పు ఇంటికి పోతుంది. దారికా రెండు పేర్లు పలికేది, తండ్రిదీ తల్లిదీ. ఆమె ఇంకా బడికి పోని వయసులో, కనుమ దగ్గర మంచులో వ్యాను జారి ఇద్దరూ ఒకేసారి పోయారు.

ఆమెను పెంచింది నాయనమ్మ బురుల్. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. కానీ ఆవిడ పంపిన బంగాళాదుంపలు తిన్నాను, ఎండు పెరుగు ఉండలు చప్పరించాను. వాళ్ల ఊరి వ్యాను డ్రైవరు తెచ్చే గోనెసంచి మూతిని ఆవిడే ఎర్ర ఉన్ని దారంతో కుట్టేది. ఇంత లావు కుట్లు, ఎవరూ విప్పి దొంగిలించకుండా. దారికా ఆ దారాన్ని కత్తిరించేది కాదు. ఓపిగ్గా విప్పి, ఉండచుట్టి, ఖాళీ సంచితో పాటు మళ్లీ ఊరికి పంపేది. ఆ దారం ఎన్ని చలికాలాలు తిరిగిందో నాకు తెలియదు.

బురుల్ నాయనమ్మకు చెవులు వినపడవు. దారికా చదువుకని బయల్దేరిన ఏడాదే ఆ కాస్త వినికిడీ పోయింది. ఆదివారం ఆదివారం దారికా ఊరికి ఫోన్ చేసేది. బాబాయ్ భార్య తీసేది. "పిన్నీ, నాయనమ్మ చెవి దగ్గర పెట్టు," అనేది దారికా. ఇక చూడాలి, గది కిటికీలు అదిరేలా అరుపులు. ఏం తిన్నదో, ఏ పరీక్ష ఎప్పుడో, మంచు ఎంత పడిందో అన్నీ అరిచి చెప్పేది. అటునుంచి ఒక్క ముక్క వచ్చేది కాదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే నీ వ్యవహారం," అన్నాను ఒకసారి. "బ్యాలెన్సు వేస్టు. లెక్కల మనిషివి, ఇదెక్కడి లెక్క?"

"ఊపిరి వినపడుతుందిగా," అంది దారికా. "గురక లాగా, చివర్లో చిన్న ఈలతో. అది వింటే చాలు నాకు. ఆవిడకే నా గొంతు అందట్లేదు."

ఆ అందకపోవడమే ఆమె బాధ. ఆ శరదృతువులో కొత్త బజారు వెనక సందులో చెవి మిషన్లు అమ్మే కొట్టొకటి చూసింది. కొట్టతను ఓపికమంతుడు. గోరంత మిషను అరచేతిలో పెట్టి చూపించాడు. "చెవిలో సరిగ్గా కూర్చుంటే నోరెత్తదు. చెయ్యో చెంపో దగ్గరకొస్తే మాత్రం కూస్తుంది. భయపడకండి, పక్కన మనిషి ఉన్నట్టు లెక్క," అన్నాడు. ధర విన్నాక దారికా ముఖం గోడలా అయిపోయింది. కానీ ఆ సాయంత్రం గదికొచ్చి, పరుపు కింద ఒక పాత మేజోడు పెట్టి, అందులో మొదటి నోటు వేసింది.

అప్పటిదాకా చేసింది పొదుపే కాదని మాకప్పుడు తెలిసింది. ఇక వ్యాను అనేదే లేదు, ఎంత దూరమైనా నడకే. మధ్యాహ్నం క్యాంటీన్ మానేసింది. పక్క అంతస్తు పిల్లల బట్టలు ఉతికి డబ్బు తీసుకునేది. చేతులు మంచునీళ్లకి పగిలి రక్తం కారేవి. అదే సమయంలో నూనె ధర మండిపోయింది. ఒక గురువారం సాయంత్రం ఆమె తలకు గుడ్డ కట్టుకోకుండా పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"అదేంటే, ఇవాళ వేయించవా?" అంది సాల్కిన్. ఆమెకు ఇలాంటివాటి మీద గురి ఎక్కువ.

"వసంతం దాకా ఆపుతున్నా."

"మీ అమ్మా నాన్నా వస్తారే!"

"వాళ్లకి చెప్పుకున్నా అక్కా. చచ్చినవాళ్లు ఆగుతారు. బతికున్నదే ఆగదు," అంది దారికా.

సాల్కిన్ మొహం తిప్పుకుంది. నాకైతే ఆ మాట నచ్చింది. భలే లెక్క అనుకున్నాను.

డిసెంబరులో కొట్టతను కబురు పెట్టాడు. కొత్త సంవత్సరం తర్వాత ధర పెరుగుతుంది, కావాలంటే ఈలోపే తీసుకోమని. మేజోడులో ఇంకా కొంత తక్కువుంది. జన్మలో ఎవరి ముందూ చెయ్యిచాచని దారికా ఆ రోజు మా అంతస్తులో ప్రతి తలుపూ తట్టింది. నేనూ వెంట వెళ్లాను, తమాషా చూద్దామని. ఒకళ్లూ విసుక్కోలేదు, ఒకళ్లూ ఇవ్వనూ లేదు. "అయ్యో, నిన్న అడగాల్సింది," అందొకతి. "స్కాలర్‌షిప్ పడనీ," అందింకొకతి. "మంత్రిగారే అప్పుకొస్తే ఇక దేశం గతేంటి!" అని మరొకతి నవ్వింది. నా దగ్గర కూడా లేవు. దోర్దోయ్ బజారులో బూట్లు కొన్నాను, బొచ్చు అంచువి. దారికా ఆ బూట్లని ఒకసారి చూసింది, "వెచ్చగా ఉన్నాయా?" అంది, అంతే.

కొత్త సంవత్సరం ఇంకో రెండ్రోజులుందనగా సాల్కిన్‌కి ఊరినుంచి ఫోనొచ్చింది. దారికా బాబాయ్ జోల్దోష్. సాల్కిన్ నన్ను మెట్ల కిందికి లాక్కెళ్లి చెప్పింది. ముసలావిడ తెల్లవారుజామున టీ పెట్టుకుంటూ, నీళ్లు కాచే సమోవర్ పక్కనే ఒరిగిపోయిందట. ఆ పూటే మట్టి చేశారు. కనుమ మంచుతో మూసుకుపోయింది, పిల్ల రావడానికి దారి లేదు. పైగా పరీక్షలు. ఫీజు లేని సీటు, ఒక్కటి తప్పినా పోతుంది.

"ఎవ్వరూ నోరు విప్పొద్దన్నాడు. దారి తెరిచి, పరీక్షలయ్యాక తనే నలుగురు పెద్దల్ని తీసుకొచ్చి పద్ధతిగా చెప్తాడంట," అంది సాల్కిన్, మెట్ల రెయిలింగు పట్టుకుని.

మాలో అదే పద్ధతి. చావు కబురు ఎవరుబడితే వాళ్లు చెప్పకూడదు. పెద్దవాళ్లు వచ్చి, కూర్చుని, మాటల్ని చుట్టూ తిప్పి, మెత్తగా దించాలి. దూరాన చదువుకునే పిల్లలకైతే నెలలు దాచినవాళ్లూ ఉన్నారు. అది ప్రేమే. కానీ దాచేవాళ్ల మెడకి ఆ ప్రేమ ఎంత బరువో నాకు ఆ జనవరిలో తెలిసింది.

దారికా రోజూ బట్టలుతికేది, నడిచేది, పస్తుండేది. మేజోడులో నోటు వేసినప్పుడల్లా మాకు చూపించి కళ్లెగరేసేది. ధర పెరిగితే పెరిగింది, ఇంకో నెల లాగుతానంది. నేను సంసా కొనుక్కొచ్చి, "సగం తిను, తిను," అని బతిమాలేదాన్ని. తినేది కాదు. "దీని డబ్బులిస్తావా బదులు?" అనేది నవ్వుతూ. ఆకలితో ఆమె బుగ్గలు లోపలికి పోయాయి. ఎవరికోసం మాడుతోందో, ఆ మనిషి మట్టిలో ఉంది. ఇది తెలిసి ఒకే బల్ల మీద కూర్చుని ముద్ద మింగడం నా వల్ల అయ్యేది కాదు.

ఆదివారం వచ్చింది. దారికా మంచం మీద కాళ్లు ముడుచుకుని ఫోన్ చేసింది. "పిన్నీ, నాయనమ్మకియ్యి." సాల్కిన్ గోడవైపు తిరిగిపోయింది. అటు పక్క కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత దారికా మొదలుపెట్టింది: "నాయనమ్మా! నేనే! మొదటి పరీక్ష బాగా రాశా! నీకొకటి కొంటున్నా, ఏంటో చెప్పను!" అరిచి అరిచి ఆగింది. చెవి ఆనించి వింది. ఆమె ముఖంలో నవ్వు విచ్చుకుంది.

"సాల్కినక్కా, దగ్గు తగ్గిపోయింది. ఎంత నెమ్మదిగా ఊపిరి తీస్తోందో చూడు." సాల్కిన్ తిరగలేదు. దారికా ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించింది.

నేను విన్నాను. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, చివర్లో చిన్న ఈల. గాలి, ఫోన్ లైను, పిన్ని ఊపిరి, ఏదో ఒకటి అనుకున్నాను. అలా అనుకుంటూనే ఫోన్ ఆమె చేతికి తోసేశాను. పిన్నిని తర్వాత అడిగాను. ఆవిడ ఒట్టేసి చెప్పింది: అమ్మాయి మాట వినలేక, మడతపెట్టిన బొంతల మీద ఫోన్ పెట్టేసి, పెరట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చిందట. గదిలో ఎవ్వరూ లేరట.

ఆ తర్వాతి వారం కనుమ తెరిచారు, డ్రైవరు గోనెసంచి తెచ్చాడు. మూతికి ఎర్ర దారం లేదు. ఇనుప తీగతో బిగించి ఉంది. దారికా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దారం అరిగిపోయినట్టుంది. తెంపుకుని ఉంటుంది," అంది చివరికి. మర్నాడు బజారులో ఎర్ర ఉన్ని కొత్త ఉండ ఒకటి కొనుక్కొచ్చి కిటికీలో పెట్టింది, ఖాళీ సంచితో పంపడానికి. చచ్చిన మనిషికి దారం కొంటున్నా మేం నోరు మూసుకునే ఉన్నాం.

ముందు తెగింది సాల్కినే. బుధవారం పొద్దున్నే నన్ను లేపి, "కలలోకొచ్చింది," అంది. "మన వంటగది గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలా. ముక్కు ఎగబీల్చి వాసన చూసింది, చూసి వెళ్లిపోయింది. ఆకలితో ఉందే చినారా. ఊళ్లో వాళ్లు పెడుతున్నారు, కానీ ఆవిడ వచ్చేది ఈ పిల్ల దగ్గరికే కదా."

"పరీక్షలయ్యేదాకా ఆగలేవా?"

"నువ్వు కలలో చూస్తే తెలిసేది."

నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ ఆ ఊపిరి విన్నాక నా నమ్మకాలన్నీ కాస్త వదులయ్యాయి. నేనూ ఒప్పుకున్నాను. గురువారం దారికా లైబ్రరీలో ఉంటుంది, చీకటి పడ్డాక గాని రాదు. హల్వా డబ్బా తెరిచి సాల్కిన్ నూనె కొంది. పిండి నేను కలిపాను. నూనె పొగలెత్తుతుంటే, తలుపుల్లోంచి పిల్లలు తలలు బయటికి పెట్టి, "మంత్రిగారికి దయొచ్చిందా!" అని అరిచారు. ఏడూ వేయించి గదిలోకి తెచ్చి, పళ్లెంలో పెట్టి, సాల్కిన్ తలకు గుడ్డ కట్టుకుని చేతులు పైకెత్తింది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

లైబ్రరీలో కరెంటు పోయిందట. దారికా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఓహో! నా డబ్బాలో చెయ్యి పెట్టారన్నమాట," అంది. కోపం సగం, నవ్వు సగం. "నూనె ధరెంతో తెలుసా మహాతల్లుల్లారా? ఎవరికే ఈ విందు? మీ తాతకా సాల్కినక్కా?"

సాల్కిన్ చేతులు గాలిలోనే ఉన్నాయి. అవునని అంటే అయిపోయేది. కానీ పళ్లెం ముందు చేతులెత్తి అబద్ధం ఆడకూడదు. ఆడితే ఆ వాసన ముసలావిడని వదిలి ఇంకెవరికో పోతుంది.

"చెప్పవేం? మీ తాత పేరు మర్చిపోయావా? చినారా, మీ వాళ్లెవరికైనానా?" నేను పిండి అంటిన నా వేళ్లని చూసుకుంటున్నాను. "ఏంటిది, ఇద్దరూ మూగనోము పట్టారా? మా అమ్మకీ నాన్నకీ అయితే నాకు చెప్పే చేద్దురుగా..."

అక్కడ ఆగింది. భుజం మీది సంచి నెమ్మదిగా దింపి నేలమీద పెట్టింది. కిటికీలో ఉన్న ఎర్ర ఉన్ని ఉండని చూసింది. చాలాసేపు దాన్నే చూసింది.

"ఎప్పుడు?" అంది.

సాల్కిన్ ఏడుస్తూ చెప్పింది. దారికా ఏడవలేదు. వచ్చి పళ్లెం ముందు కూర్చుంది, సాల్కిన్ చేతుల్ని పట్టుకుని దించింది, తన చేతులెత్తింది. తండ్రి పేరు, తల్లి పేరు, ఆగి, నాయనమ్మ పేరు. ఆ మూడో పేరు పలికేటప్పుడు ఆమె అలవాటు కొద్దీ అరిచింది, ఫోన్‌లో అరిచినట్టే. గోడలు అదిరాయి. తర్వాత ఒక బోర్సోకు తుంచి నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువైంది," అంది. అప్పుడు నేను కూడా ఏడ్చాను.

కేకకి అంతస్తంతా వచ్చేసింది. మా పద్ధతులు మాకెవరూ నేర్పక్కర్లేదు. చివరి గది పెద్దపిల్ల ఒకతి ఉన్ని టోపీ తీసుకుని గది గదికీ తిరిగింది. చావింటికి ఉత్తచేతులతో రాకూడదు, వాటా వేయాలి. వేయకపోతే మనిషే కాదు. దాచుకున్నవాళ్లు దాచింది తీశారు, లేనివాళ్లు కింది అంతస్తు నుంచి తెచ్చారు. నాకూ కోటు లోపలి అంచులో అత్యవసరానికని కుట్టుకున్న నోటు ఒకటి గుర్తొచ్చి, కుట్టు విప్పి వేశాను. టీ తాగి కప్పు కడిగేంతసేపట్లో టోపీ నిండింది. దాన్ని దారికా మంచం మీద బోర్లించారు.

దారికా ఆ కుప్పని చూసింది. లెక్కపెట్టలేదు. ఆమె కంటికి లెక్క పెట్టక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. చెవి మిషనుకి తక్కువైన దానికన్నా అది ఎంతో ఎక్కువ. చుట్టూ నిలబడ్డ మా ముఖాల్ని ఒక్కొక్కటే చూసింది. తిట్టినట్టు లేదు, ఎత్తిపొడిచినట్టు లేదు, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఇంత డబ్బు మన అంతస్తులోనే ఉందా? మొన్న నేను తలుపులు తట్టినప్పుడు ఎక్కడుంది ఇదంతా?"

టోపీ తిప్పిన పిల్ల ఆ టోపీని వెనక్కి దాచుకుంది.

ఆ డబ్బు పద్ధతి ప్రకారం బాబాయ్‌కి వెళ్లింది. నలభయ్యోరోజుకి చుట్టాలందరూ కలిసి గుర్రాన్ని కోశారు. చెవి మిషను లేకుండా పోయిన మనిషి పేరున వందమంది కడుపునిండా తిన్నారు. దారికా వెళ్లింది, వడ్డించింది, గిన్నెలు తోమింది, తిరిగొచ్చి మిగిలిన పరీక్ష రాసి సీటు నిలబెట్టుకుంది. ఆ సాయంత్రమే మేజోడు పట్టుకుని, "రా," అని నన్ను బజారుకి లాక్కెళ్లింది.

కొట్టతను ఆమెను గుర్తుపట్టాడు. "ధర పెరిగిందమ్మా. కానీ మీకు కొంచెం..."

"తగ్గించక్కర్లేదు," అంది దారికా. నా చెవులను నేనే నమ్మలేదు.

"నాయనమ్మగార్ని తీసుకురాలేదా? చెవి చూసి సరిచెయ్యాలి."

"ఆవిడ రాలేరు. ఏదో ఒకటివ్వండి. బ్యాటరీలు కూడా ఇవ్వండి."

మేజోడు మొత్తం బల్ల మీద దులిపేసింది. దారిలో నేను ఉండబట్టలేక అన్నాను. "నీకు పిచ్చిగానీ పట్టిందా? ఆ డబ్బుతో కడుపునిండా తినొచ్చుగా. ఎవరి చెవిలో పెడతావే అది?"

"నా డబ్బు, నా ఇష్టం," అంది. ఆ రోజు వ్యాను ఎక్కింది, ఇద్దరికీ తనే టికెట్టు తీసింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. సాల్కిన్ పెళ్లి చేసుకుని దక్షిణానికి పోయింది. నేను ఉద్యోగం పని మీద ఏటా శరదృతువులో నారిన్ వెళ్తాను, దారికా ఇంట్లోనే దిగుతాను. మొన్న వెళ్లింది గురువారం. ఇల్లంతా నూనె వాసన. మూకుడు నిండా పోసింది, ధర ఎంతున్నా పోస్తుంది. పళ్లెంలో ఏడు బోర్సోకులు, దాని పక్కన చిన్న గాజు సాసరు, అందులో చెవి మిషను. ఎప్పట్లాగే అదే టీ, అదే రంగు, కడిగిన నీళ్ల రంగు. ఆ టీ పోసిన చేత్తోనే సొరుగులోంచి కొత్త బ్యాటరీ తీసి, కాగితం చింపి, మిషనులో వేసింది. వారం వారం కొత్తది వేస్తుంది. పాతది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, అయినా మారుస్తుంది. "మధ్యలో ఆగిపోతే?" అంటుంది. ఇదే ఆమె లెక్క రాయని ఖర్చు.

సాసరును బల్ల మధ్యకు నెట్టి, నన్ను చేతులు ఒళ్లో పెట్టుకోమంది. నేను పెట్టుకున్నాను. తను చేతులెత్తి పేర్లు పలికింది, ఈసారి అరవలేదు, నాతో మాట్లాడేంత గొంతుతోనే. తర్వాత తనూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరి సంగతులు మొదలుపెట్టింది. మంచు ఇంకా పడలేదని, పిన్నికి మోకాళ్ల నొప్పులని, బంగాళాదుంప ధర పడిపోయిందని, చినారా వచ్చిందని.

సాసరులో మిషను కూసింది. సన్నగా, చివర్లో చిన్న ఈలతో. దాని దరిదాపుల్లో ఎవరి చెయ్యీ లేదు. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

దారికా వెనక్కి కూడా తగ్గలేదు. "చెప్తున్నా, ఆగు నాయనమ్మా, బంగాళాదుంపల సంగతి ఇంకా అవలేదు," అని, ఆపిన చోటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.